పెరట్లో నాలుగు కోళ్లు పెట్టుకుందామా, వద్దా?

నల్లరేగడి పెరడు అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మాది పొన్నూరు దగ్గర. ఆరు సెంట్ల స్థలంలో ఇల్లు పోను వెనక సెంటున్నర పెరడు మిగిలింది. ఎనిమిదేళ్లుగా అందులో కూరగాయలు వేసుకుంటున్నాను. ఇప్పుడు రెండు మళ్ల తోటకూర, ఒక మడి గోంగూర, పదమూడు వంగ మొక్కలు, పందిరి మీద దొండ, ప్రహరీ పక్కన మునగ, మూలన కరివేపాకు ఉన్నాయి. ఒక్కో మడి ఒక్కో ఏడు కష్టపడి బాగుచేసుకున్నాను. నల్లరేగడి నేల కదా, ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు, వానాకాలం చెప్పు వదిలేసి రావాల్సినంత అడుసు.

అడగాలనుకున్నది కోళ్ల గురించి. మామయ్యగారు పోయినేడు కార్తీకంలో కాలం చేశారు. అత్తయ్యను ఊరి నుంచి మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఆవిడకి 72 ఏళ్లు. ఊళ్లో వాళ్లింట్లో ఎప్పుడూ ఇరవై కోళ్లకు తక్కువ లేవు. పెళ్లయిన కొత్తలో నేను చూసేదాన్ని. తెల్లవారుజామునే గంప ఎత్తి, ఒక్కో పెట్టనీ చంకలో పెట్టుకుని వేలితో తడిమి చూసేవారు. గుడ్డుందనుకుంటే దాన్ని మళ్లీ గంప కింద కమ్మేసి, మిగతావాటిని వదిలేసేవారు. ఆవిడ లెక్క తప్పడం నేను చూడలేదు.

ఇక్కడ ఆవిడకు చేయడానికి పనేం లేదు. టీవీ పెట్టినా చూడరు. నాలుగున్నరకే లేచి వెనక గడప మీద కూర్చుంటారు. మొన్న నేను బియ్యం చెరిగి నూకలు పారబోయబోతుంటే చేయి పట్టుకుని, "ఉంచమ్మా, కోళ్లకి" అన్నారు. అని ఆవిడే ఆగిపోయారు. నేను నూకల చేట అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

మా వారు ఒప్పుకోవడం లేదు. ఆయన చెప్పేవి కూడా కొట్టిపారేసేవి కావు. వాసన వస్తుంది, తూర్పు వైపు ఇంటివాళ్ల పడకగది కిటికీ మా ప్రహరీకి పన్నెండు అడుగుల దూరంలోనే ఉంది అంటారు. రెండేళ్ల కిందట నీళ్ల తొట్టి వెనక తాచుపాము కనిపించింది, కోళ్లు ఉంటే పాములు ఇంకా వస్తాయని ఆయన టెన్షన్. మా పాప రెండో తరగతి, కోడిపిల్లలు కావాలని రోజూ అడుగుతుంది. నా భయం నాది. కోళ్లు తోటకూర మడిలో దిగితే ఒక్క పూటలో ఏం మిగులుతుందో నాకు తెలుసు.

కూరగాయల పెరట్లోనే కోళ్లు పెంచుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నాలుగైదు చాలు. గుడ్ల మీద డబ్బు మిగలాలని లేదు. కానీ తెచ్చాక నెలకే ఇచ్చేయాల్సి వస్తే అత్తయ్యకు ఇంకా కష్టమవుతుంది. అందుకే ముందే అడుగుతున్నాను.

గంపకోడి:

చెల్లీ, మాది అనకాపల్లి వైపు. తొమ్మిదేళ్లుగా ఇంటి వెనక కోళ్లు, కూరగాయలు రెండూ ఉన్నాయి. పెట్టుకో. కానీ గూడు కట్టి, దడి కట్టి, ఆ తర్వాతే కోళ్లు తేవాలి. నేను మొదట కోళ్లు తెచ్చి తర్వాత గూడు చూసుకుందాం అనుకున్నాను. మొదటి వారంలోనే రెండు పోయాయి.

ముందు నీ తోటకూర సంగతి. అందరూ కోళ్ల చుట్టూ దడి కడదాం అనుకుంటారు. నేను మళ్ల చుట్టూ కట్టాను. పాత చేపల వల నాలుగు అడుగుల ఎత్తున, కింద అంచు మట్టిలో పూడ్చి. ఆకుకూరలు, మొలకలు, కాయ పండే టమాటా, ఇవి వల లోపల ఉండాలి. ముదిరిన వంగ, మునగ, కరివేపాకు బయట ఉన్నా పరవాలేదు. మొదళ్ల దగ్గర మాత్రం గీకి గీకి వేళ్లు బయటపెడతాయి, చుట్టూ నాలుగు ఇటుకలు పేర్చు. మడి లేత మట్టి అంటే వాటికి ఎంత ఇష్టమో చెప్పలేను. నీళ్లు పోసిన మడి కనిపిస్తే చాలు, అందులోనే పొర్లుతాయి.

పగలంతా వదలకు. గూటికి ఆనించి ఒక జాలీ ఆవరణ ఉండాలి. నాలుగు కోళ్లకు ఎనిమిది అడుగులకు ఆరు అడుగులు చాలు. పగలు అందులో ఉంటాయి. సాయంత్రం నాలుగింటికి పెరట్లోకి వదులు. పొద్దు గూకే వేళకు ఎవరూ తోలకుండానే గూటికి చేరతాయి. ఆ రెండు గంటల్లో చెదలు, బొద్దింకలు, నత్తలు, జెర్రులు ఏరుకు తింటాయి. మునగ మీద బొచ్చుపురుగులు కూడా తింటాయని ఆశపడ్డాను, మా కోళ్లు మాత్రం వాటిని ముట్టలేదు. కొత్తగా తెచ్చినప్పుడు వారం రోజులు ఆవరణ దాటనివ్వకు. ఆ గూడే తమ ఇల్లని వాటికి తెలియాలి. లేకపోతే మొదటి సాయంత్రమే మునగ చెట్టెక్కుతాయి.

నల్లరేగడి అన్నావు కాబట్టి ఇది మరీ జాగ్రత్త. గూడు నేల మీద పెట్టకు. రెండు అడుగుల ఎత్తు కాళ్ల మీద ఉండాలి. ఆవరణలో అడుగు మందం బుసక, అంటే ఇసుక మట్టి, పోయించు. నేల తడిస్తే వాసన, ఈగలు, రోగాలు అన్నీ ఒకేసారి వస్తాయి. మీ ఆయన అంటున్న వాసన కోడిది కాదు, తడిసిన పెంటది. గూట్లో నాలుగు అంగుళాల ఊక పరిచి, రెండు రోజులకోసారి కర్రతో తిరగేసి, తడిసిన చోట తీసేసి కొత్త ఊక వేస్తే దగ్గర నిలబడ్డా ముక్కు మూసుకోనక్కర్లేదు. జల్లు కొట్టే వైపు రేకు కిందికి దింపు.

పుంజు వద్దు. గుడ్లు పెట్టడానికి పుంజు అక్కర్లేదు, పిల్లలు కావాలంటేనే కావాలి. తూర్పింటివాళ్ల కిటికీ పక్కన తెల్లవారుజామున నాలుగింటికి పుంజు కూస్తే మాటా మాటా వస్తుంది. పెట్టలు గుడ్డు పెట్టాక కాసేపు కొక్కొరిస్తాయి, అది పట్టపగలు. ముందుగా వాళ్లింటికి వెళ్లి ఒక మాట చెప్పి రా. మొదటి గుడ్లలో నాలుగు వాళ్లకి ఇవ్వు.

ఇక పాములు. కోళ్లుంటే పాములు రావనే మాట నమ్మకు. వస్తాయి. గుడ్ల కోసం, పిల్లల కోసం, అన్నింటికంటే ముందు ఎలకల కోసం. రాత్రి గూట్లో మేత మిగల్చకూడదు. మేత మూత ఉన్న రేకు డబ్బాలో ఉండాలి. గుడ్లు ఏ రోజువి ఆ రోజు తీసేయాలి. గూటి పక్కన కట్టెలు, ఇటుకలు, కొబ్బరి మట్టలు పోగు పెట్టకూడదు. గూడు నాలుగు వైపులా, కింద కూడా అరంగుళం కన్నం ఉన్న వెల్డ్ జాలీ వేయించు. మామూలు కోడి జాలీ కన్నాలు పెద్దవి, కుక్క పళ్లతో లాగితే చిరుగుతుంది.

రెండో ఏడు జరిగింది చెబుతాను. పెళ్లికి వెళుతూ పక్కింటి అబ్బాయికి గూడు తలుపు వేయమని చెప్పాం. మంచి పిల్లాడే. ఆ రోజు ట్యూషన్ నుంచి రావడం ఆలస్యమై ఎనిమిదింటికి వచ్చి వేశాడు. అప్పటికే బావురుపిల్లి లోపల ఉంది. తలుపు వేయడంతో అదీ కోళ్లూ కలిసి లోపల ఇరుక్కున్నాయి. పొద్దున మేం వచ్చి తలుపు తీస్తే ఏడింట్లో ఒక్కటి బతికుంది. దూలం చివర, గోడకి అతుక్కుని, కళ్లు తెరుచుకుని ఉంది. చేత్తో తీసుకుంటే కాళ్లు దూలాన్ని వదల్లేదు, ఒక్కో వేలూ విప్పాల్సి వచ్చింది. ఆ పెట్ట తర్వాత నాలుగేళ్లు బతికింది.

కాబట్టి కోళ్లు తెచ్చే ముందు ఇంట్లో తేల్చుకోవాల్సింది ఒకటే. ఏడాది పొడుగునా, వానొచ్చినా, జ్వరమొచ్చినా, పండక్కి ఊరెళ్లినా, పొద్దు గూకగానే లెక్కపెట్టి ఆ తలుపు గడియ పెట్టేదెవరు? మీ ఇంట్లో ఆ మనిషి ఉన్నారని నాకు అనిపిస్తోంది.

డాబా తోట, కరీంనగర్:

అక్కా, నేను వద్దనే చెబుతాను. మేం మూడేళ్లు పెంచి మానేశాం. మా ఇంట్లో ఇద్దరం ఉద్యోగస్తులం. మే నెలలో మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ ఉండరు. రేకుల గూడు. ఒక రోజు 44 డిగ్రీలు, సాయంత్రం వచ్చేసరికి ముక్కులు తెరిచి, రెక్కలు వేలాడేసి మూడు పడిపోయి ఉన్నాయి. నీళ్ల గిన్నె బోర్లాపడి ఉంది. పొద్దున్నే నింపి వెళ్లాం, ఎప్పుడు తన్నాయో తెలియదు. అది నా తప్పే, వాటి తప్పు కాదు.

మీ ఇంట్లో పగలు మనిషి ఉంటారు కాబట్టి మీ సంగతి వేరు కావచ్చు. అయినా గూడు రేకు మీద తాటాకు గానీ, తడి గోనె సంచులు గానీ వేయండి. మునగ నీడ మధ్యాహ్నం ఎటు పడుతుందో చూసుకుని గూడు పెట్టండి. నీళ్లు రెండు చోట్ల, బరువైన మట్టి మూకుళ్లలో పెట్టండి.

ఇంకొకటి అడగాలి. గుడ్లు తగ్గాక ఏం చేస్తారు? రెండేళ్లు బాగా పెడతాయి, తర్వాత తగ్గుతాయి. కోడి ఆరేడేళ్లు బతుకుతుంది. మా బాబు వాటికి పేర్లు పెట్టాడు. తర్వాత ఎవరమూ కోయలేకపోయాం, అమ్మలేకపోయాం. మీ పాపకు ముందే చెప్పండి.

నల్లరేగడి పెరడు:

గంపకోడి అక్కా, మీరు రాసింది మా వారికి చదివి వినిపించాను. బావురుపిల్లి దగ్గరికి వచ్చేసరికి ఆయన పేపరు పక్కన పెట్టారు. కరీంనగర్ తమ్ముడూ, నీ మాట కూడా చదివాను. ఆ మూడు కోళ్ల గురించి దాచకుండా రాసినందుకు థాంక్స్.

కోయడం గురించి అత్తయ్యనే అడిగాను. ఊళ్లో పండగలకి, చుట్టాలొస్తే కోసేవాళ్లు కదా అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "పుంజుల్ని కోశాం. గుడ్లు పెట్టిన పెట్టని మీ మామయ్య కోయనిచ్చేవారు కాదు" అన్నారు. ఈ సంగతి మా వారికి కూడా తెలియదు.

ఇంకో రెండు అనుమానాలు. ఏ రకం కోళ్లు తేవాలి? నాటువా, గవర్నమెంట్ వాళ్ల రకాలా? 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది కదా, ఇంట్లో చిన్నపిల్ల ఉన్నప్పుడు ఎంత భయపడాలి?

పశువైద్యశాల రిటైర్డ్:

అమ్మా, ముప్పై ఏళ్లు పశువైద్యశాలలో పనిచేసి రిటైరయ్యాను. రకాల గురించి చెబుతాను. వనరాజా, గ్రామప్రియ రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు పెరటి పెంపకం కోసమే తయారుచేసినవి. గుడ్ల కోసమైతే గ్రామప్రియ. సరైన మేత ఉంటే ఏడాదికి 150 పైన పెడుతుంది. వనరాజా వంద దాకా పెడుతుంది, బరువు ఎక్కువ. నాటు పెట్ట 50, 60 పెట్టి, మధ్యలో పొదగడానికి కూర్చుంటుంది. కానీ నాటు కోడికి గద్ద నీడ పడితే చాలు, పొదలోకి దూరిపోతుంది. బరువు కోళ్లకు ఆ చురుకు తక్కువ. వనరాజా, గ్రామప్రియ పొదగవు. పిల్లల్ని లేపాలని మీ అత్తగారికి ఉంటే ఒక నాటు పెట్ట ఉండాలి. పుంజు లేదు కాబట్టి మీ గుడ్లు పిల్లలు కావు, బయట నుంచి పుంజు కలిసిన గుడ్లు తెచ్చి దాని కింద పెట్టాలి. 21 రోజులు.

మూడు గ్రామప్రియ, ఒక నాటు పెట్ట తెచ్చుకోండి. ఒక రోజు వయసు పిల్లల్ని తేవద్దు. వాటిలో సగం పుంజులు తేలుతాయి, పైగా మొదటి నెల రాత్రిళ్లు బల్బు వేసి వెచ్చగా ఉంచాలి. నాలుగు నెలలు దాటి, టీకాలన్నీ పూర్తయిన పెట్టలు తెచ్చుకుంటే రెండు నెలల్లో గుడ్డుకొస్తాయి.

పెరటి కోళ్లను ఎక్కువగా తుడిచిపెట్టేది కొక్కెర తెగులు. తెల్లగా, పచ్చగా పారతాయి, నోరు తెరిచి ఊపిరి తీస్తాయి, మెడ మెలితిరుగుతుంది. వచ్చాక మందు లేదు, ముందు టీకాయే. వారం వయసులో లసోటా చుక్క కంట్లో, నాలుగు వారాలప్పుడు మళ్లీ లసోటా, ఎనిమిది వారాలకి ఆర్‌టూబీ రెక్క కింద చర్మంలో. అమ్మేవాళ్లని ఈ మూడూ ఎప్పుడు వేశారో తేదీలతో అడగండి. తేదీ చెప్పలేని చోట కొనవద్దు. తర్వాత కూడా టీకా మళ్లీ మళ్లీ వేయించాలి, ఎప్పుడనేది మీ ఊరి పశువైద్యశాలలో చెబుతారు. టీకా సీసా వంద కోళ్లకు సరిపోయేది వస్తుంది. కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, ఐసులో ఉంచాలి. మీ నాలుగింటి కోసం సీసా విప్పడం వృథా అనుకుంటే వీధిలో కోళ్లున్నవాళ్లంతా ఒకే రోజు వేయించుకోండి. నేను పనిచేసినన్నాళ్లూ ఊళ్లో ఒకరింట్లో టీకా వేసి పక్కింట్లో వదిలేయడం వల్లే ఎక్కువ కోళ్లు పోయాయి.

బర్డ్ ఫ్లూ మాట. పెద్ద ఫారాలకే కాదు, పెరటి కోళ్లకూ వస్తుంది. భయపడి కూర్చోవద్దు, నియమం పెట్టుకోండి. సంతలో కొన్న కోడిని తెచ్చిన రోజే పాత కోళ్లలో కలపకండి, రెండు మూడు వారాలు విడిగా ఉంచండి. కొంగలు, కాకులు వాలే చోట మేత, నీళ్లు పెట్టకండి. ఒకటి రెండు రోజుల్లో కారణం లేకుండా కోళ్లు చనిపోతే వట్టి చేత్తో ముట్టకుండా పశువైద్యశాలకు కబురు చేయండి. కాలవలో పారేయడం మహా పాపం, కింద ఊళ్లన్నీ ఆ నీళ్లే వాడతాయి. పాపను కోళ్లతో ఆడనివ్వండి, ఆడాక సబ్బుతో చేతులు కడిగించండి. ముద్దు పెట్టుకోనివ్వకండి. పచ్చి గుడ్డు, సగం ఉడికిన గుడ్డు పిల్లకి పెట్టకండి.

మేత రోజుకి ఒక్కోదానికి 110 గ్రాముల దాకా పడుతుంది. నాలుగింటికి నెలకి పదమూడు కిలోలు. నూకలు, తవుడుతోనే సరిపెడితే గుడ్లు రావు. గుడ్ల కోళ్లకని అమ్మే లేయర్ మేత ప్రధానంగా ఉండాలి, నూకలు పైపైన. గుడ్డు పెంకులు వేయించి పొడి చేసి పెట్టవచ్చు, నత్తగుల్లలు దొరికితే మరీ మంచిది.

పచ్చి పెంట తెచ్చి మొక్కల మొదట్లో వేయకండి, వేళ్లు మాడిపోతాయి. ఊకతో పాటే గుంటలో వేసి, ఎండాకు కలిపి, తడుపుతూ మూడు నెలలు మాగనివ్వండి. తర్వాత వంగకి, మిరపకి వేసి చూడండి.

గంపకోడి:

చెల్లీ, పెద్దాయన చెప్పినదానికి చిన్న మాట కలుపుతాను. మీ అత్తగారికి చెదల కుండ తెలిసే ఉంటుంది, అడుగు. పాత కుండలో పేడ, ఎండుగడ్డి కుక్కి, తడిపి, చెదలు తిరిగే చోట బోర్లిస్తే మర్నాటికల్లా చెదలు నిండుతాయి. కోళ్ల ముందు దులిపితే చాలు. ఇంటి గోడకి, తలుపు చెక్కలకి దూరంగా పెట్టాలి. బూడిద, ఇసుక, ఎండిన వేపాకు పొడి కలిపి ఒక మూల పోస్తే అందులో పొర్లి పేలు వదిలించుకుంటాయి.

నల్లరేగడి పెరడు:

చెదల కుండ గురించి అడిగాను అక్కా. ఆవిడ కుండ ఎంత ఉండాలో చేతులతో చూపించి, ఇక్కడి మట్టిలో చెదలు ఎటు వైపు ఉంటాయో చూస్తానని లేచి పెరట్లోకి వెళ్లారు. అరగంట దాకా రాలేదు. వెళ్లి చూస్తే మునగ చెట్టు వెనక కూర్చుని పుల్లతో నేల గీకుతున్నారు. ప్రహరీ దగ్గర ఉన్నాయట.

మా వారు నిన్న సాయంత్రం తూర్పింటికి వెళ్లి మాట్లాడి వచ్చారు. పుంజు ఉండదంటే వాళ్లు సరేనన్నారు. గూడు కిటికీకి దూరంగా పడమటి మూలన, మునగ నీడలో అనుకున్నాం. ఆ మూలన దొండ పందిరి కాస్త జరపాలి, జరుపుతాను. కొలతలు ఆయనే రాశారు: గూడు నాలుగుకి మూడు అడుగులు, ఆవరణ ఎనిమిదికి ఆరు. బుసక ఆదివారం తోలిస్తామన్నారు. గూడు పూర్తయి, అత్తయ్య వారం రోజులు ఖాళీ గూటికే పొద్దు గూకే వేళకు గడియ పెట్టి చూశాకే పెట్టలు తేవాలని ఆయన షరతు. మొన్న రాత్రి భోజనాల దగ్గర అదే చెప్పారు. అత్తయ్య, "గడియ లోపలి వైపు పెట్టించకు, బయటి వైపు పైకి పెట్టించు, నేను వంగలేను" అన్నారు.

పొన్నూరు, బాపట్ల, తెనాలి చుట్టుపక్కల అరంగుళం వెల్డ్ జాలీ మీటరు లెక్కన అమ్మే చోటు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. మాకు కావలసింది పదహారు మీటర్లే, ఇక్కడి షాపులో చుట్ట మొత్తం కొనాలంటున్నారు.